ఒక్క డాలరు తగ్గినా

"మొత్తం ఇవ్వక్కా. ఒక్క డాలరు తగ్గినా పుచ్చుకోను," అంది నెనీతా, చెయ్యి చాచి.

బ్యాంకు గుమ్మంలో, నలుగురూ చూస్తుండగా. హెర్మీనియాకి ఒళ్ళు మండిపోయింది.

కాలిఫోర్నియాలో ఒఫీలియా పిన్ని నడిపే వృద్ధుల ఇంట్లో హెర్మీనియా తొమ్మిదేళ్ళుగా ఆయా. పగలంతా ముసలాళ్ళని ఎత్తి దించడం, రాత్రి వాళ్ళు మూలిగితే లేవడం. రాత్రి పనికి దమ్మిడీ ఇచ్చేది కాదు పిన్ని. ఎవరు చెప్పారో ఏమో, కార్మిక శాఖ వాళ్ళొచ్చి, ఎగ్గొట్టిన జీతమంతా లెక్క కట్టి, ముగ్గురు ఆయాలకీ ఆవిడ చేత చెక్కులు రాయించారు.

హెర్మీనియాకి పన్నెండు వేల డాలర్ల పైచిలుకు వచ్చింది. ఫిలిప్పీన్స్‌లో, సొంతూరు ఇలోఇలోలో తాకట్టులో ఉన్న వరిపొలం ఇక తనదేనని ఏడ్చేసింది పిచ్చిది.

మర్నాడే పిన్ని నూడుల్స్ వండి ముగ్గుర్నీ కూర్చోబెట్టింది.

"మనీలా నుంచి మిమ్మల్ని ఇక్కడికి తెచ్చిందెవరే? నా ఉప్పు తిని నన్నే వీధిలో పెడతారా? చెక్కులు మార్చి డబ్బు నా చేతిలో పెట్టండి. లేదంటే మీ వీసా కాగితాల సంగతి నేను చూసుకుంటా."

ముగ్గురూ ఒక్క మాట మీద ఉంటే పిన్ని ఏం చేసేదో. వచ్చి ఏడాదైనా కాని నెనీతా అందరికంటే ముందు తలూపింది.

"నాది ఇచ్చేస్తా పిన్నీ. వీళ్ళవీ నేనే వసూలు చేసి మీ ఖాతాలో వేసొస్తా. ఇంట్లో అంత డబ్బెందుకు, దొంగల భయం."

"చూసి నేర్చుకోండే," అంది పిన్ని మురిసిపోతూ.

అదిగో, అలా వచ్చారు బ్యాంకుకి.

"మోకాళ్ళ మందుకి ఓ వంద ఉంచుకోనీవే. పిన్నికి నే చెప్పుకుంటాలే."

"కుదరదక్కా."

"నీ సొమ్మేం పోయింది?"

"చిల్లరతో సహా ఇవ్వు."

ఇచ్చింది. ఏం చేస్తుంది మరి? నెనీతా ఆ నోట్లు పట్టుకుని మళ్ళీ లోపలికి పోయింది.

ఆ రోజు నుంచి హెర్మీనియా దాంతో మాట్లాడలేదు. పక్కన కూర్చుంటే కంచం తీసుకుని లేచిపోయేది. అయినా కడుపుమంట చల్లారలేదు.

వారం తిరక్కుండా పిన్ని చెవిన ఓ మాట వేసింది.

"ముసలాళ్ళ నొప్పి మాత్రలు తగ్గుతున్నాయి పిన్నీ. నెనీతా సంచి ఓసారి చూడకూడదూ?"

పచ్చి అబద్ధం. మాత్రల గొడవ బయటికొస్తే ఇంటి లైసెన్సు పోతుంది. సంచి కూడా చూడకుండానే పిన్ని నెనీతాని ఆ పూటే గెంటేసింది.

"నేను తియ్యలేదని నీకు తెలుసుగా అక్కా?"

"తగిన శాస్తి జరిగింది, పో."

పని పోతే వీసా పోయినట్టే. అది ఎక్కడికి పోయిందో ఎవరూ అడగలేదు.

రెండు నెలలకి కార్మిక శాఖ అధికారి మళ్ళీ వచ్చాడు.

"ఒఫీలియా వెనక్కి లాక్కున్న డబ్బంతా మీకు తిరిగిస్తోందమ్మా. దాని మీద అంతకంత నష్టపరిహారం. రాజీ కాగితం మీద సంతకం పెట్టింది."

హెర్మీనియా వేళ్ళ మీద లెక్క కట్టుకుంది. పొలం దక్కింది.

"నెనీతా ఎక్కడుందో తెలుసా? ఫోన్ పలకడం లేదు. ఆవిడ చెక్కు మా దగ్గరే ఉండిపోయింది."

"ఆ దొంగముండకి చెక్కొకటా! మా డబ్బంతా ఊడ్చి పిన్ని ఖాతాలో పోసింది అదేగా. వంద ఉంచుకుంటానే అని బతిమాలినా ఉంచుకోనివ్వలేదు."

"ఎలా ఉంచుకోనిస్తుందమ్మా? చేతికి నగదిచ్చి ఉంటే ఒఫీలియా నేను పుచ్చుకోలేదు పొమ్మనేది. మీ చెక్కు ఎంతో, అదే రోజు, చిల్లరతో సహా అంతే ఆవిడ ఖాతాలో పడింది కాబట్టి నోరెత్తలేకపోయింది."

"అయితే దానికి ముందే తెలుసా?" అంది హెర్మీనియా. "మాకెందుకు చెప్పలేదు?"

"ఎవరికీ చెప్పొద్దని మేమే అన్నాం. అలా వేస్తానని ముందుకొచ్చింది నెనీతానే, మీకు రాత్రి పనికి జీతమివ్వడం లేదని మాకు మొట్టమొదట ఫోన్ చేసిందీ ఆవిడేనమ్మా."