మాచర్ల అబ్బాయి తెచ్చిన బోర్డో సీసా

"గంట ముందే మూత తీసి పెట్టాలండి. దానికి గాలి తగలాలి," అన్నాడు కార్తీక్.

ప్రభాకరరావు టీపాయ్ మీది సీసా వంకా, ఎదురుగా కూర్చున్న కుర్రాడి వంకా మార్చి మార్చి చూశాడు. ఒళ్లు మండిపోతోంది. రిటైరైన లెక్కల మాస్టారాయన. నరసరావుపేట చర్చిలో ముప్పయ్యేళ్లుగా సండే స్కూలు పిల్లలకి మందు ముట్టొద్దని చెబుతున్నాడు. ఇప్పుడు ఆయన ఇంట్లోనే మందు సీసా!

ఈ మాచర్ల కోమట్ల అబ్బాయినే చేసుకుంటానని కూతురు వందన రెండేళ్లుగా పట్టు. చచ్చినా ఒప్పుకోనని ఆయన పట్టు. చివరికి భార్య పోరు పడలేక, "ఆదివారం తీసుకురా, చూసి చెబుతా" అన్నాడు. కాదనడానికి ఒక్క వంకైనా దొరక్కపోతుందా అని ఆయన ధీమా. వంక సీసాలో రానే వచ్చింది.

"ఫ్రాన్స్ వైనండి, హైదరాబాదులో కొన్నా. బోర్డో అనే ప్రాంతంలో చేస్తారు. అక్కడ నదికి ఎడమ గట్టంతా గులకరాళ్ల నేల, మన వెల్దుర్తి చేలల్లాగే. ఆ ద్రాక్షతో చేసింది చానా వగరుగా ఉంటుందండి."

"వగరైతే తాగటం ఎందుకు?"

"కొవ్వున్న మటన్‌తో తాగితే వగరు విరుగుద్దండి. చేపలతో మాత్రం వద్దు, నోరంతా ఇనుము రుచి వస్తుంది."

మటన్ మాట వినేసరికి ఆయనకి ఇంకా మండింది. ఆదివారం పూట ఆ ఇంట్లో మాంసం కూర లేకపోవడం ఇదే మొదటిసారి. వచ్చేవాడు తినడని భార్య కృపామణి పప్పూ, గుత్తివంకాయా చేసి ఊరుకుంది. సాంబారులో మునక్కాయ ముక్కలు కూడా ఏరేసింది, ఆ అబ్బాయికి పడవట!

"అత్తయ్యగారూ, కాసిని మంచినీళ్లు."

"అప్పుడే అత్తయ్యా?" గుడ్లురిమాడు ప్రభాకరరావు.

"పెద్దదాన్ని, ఏదో ఒకటి పిలవొద్దా? మీరొకరు," అంటూ కృపామణి గ్లాసు తెచ్చిచ్చింది.

వందన తల పట్టుకుంది. "ఇది తెస్తున్నానని నాతో ఒక్క మాటన్నా అన్లేదేంది? మా ఇంట్లో తాగేదెవరు?"

కార్తీక్ ముఖం పాలిపోయింది. "చర్చిలో ద్రాక్షారసం ఇస్తారుగా. క్రైస్తవుల ఇంటికి మంచిది తీసుకెళ్తే మర్యాదనుకున్నా."

"ఒరేయ్ నాయనా, అది చెంచాడు! అదీ మేం ఉడకబెట్టిన ద్రాక్షపళ్ల రసం!" అరిచాడు ప్రభాకరరావు. "అసలు నువ్వు తాగుతావా?"

"వాసన కూడా చూళ్లేదండి."

"మాంసం?"

"మా ఇంట్లో గుడ్డు కూడా రానివ్వరండి."

"మరి మటన్‌తో వగరు విరుగుద్దని నీకెట్టా తెలుసు?"

"మూడు నెలలుగా వీడియోలు చూసి రాసుకున్నానండి. మీతో కూర్చుని మాట్లాడాలంటే నాకూ ఏదో ఒకటి తెలిసుండాలిగా."

జేబులోంచి చిన్న నోటుబుక్కు తీసి చూపించాడు. నిండా గుండ్రటి అక్షరాలు. ముప్పై నాలుగేళ్లు పాఠాలు చెప్పాడు గానీ, తను తినని కూర గురించీ తాగని రసం గురించీ ఇంత బుద్ధిగా బట్టీ పట్టిన కుర్రాణ్ని ప్రభాకరరావు చూడలేదు. మళ్లీ కోపం తెచ్చుకుందామని చూశాడు, రాలేదు. ఇంతసేపు ఎదుటివాడి మీదున్న విసుగంతా తన మీదికే మళ్లింది.

"సరే, ఏడ్చినట్టే ఉంది! పెళ్లి ఎప్పుడు పెట్టుకుందాం?"

వందన నేల చూపులు చూస్తోంది. కార్తీక్ నోటుబుక్కు మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"ఏంది, ఒప్పుకున్నా మాట్లాడరేంది?"

కృపామణి లోపలికెళ్లి, బైబిల్లో దాచిన మడత కాగితం తెచ్చి ఆయన చేతిలో పెట్టింది. కళ్లజోడు కూడా తనే అందించింది.

పెళ్లి రిజిస్టరైన కాగితం. తారీకు చూస్తే నిరుడు ఆగస్టుది. ఆయన వేలు మెల్లగా కిందికి జరిగి చివరి వరుస దగ్గర ఆగిపోయింది.

సాక్షి సంతకం కృపామణిది.