తలుపు దగ్గర కాపలా

చిన్న సిస్టర్ టోపీ తీసి సామాన్ల గది కిటికీలో పడేసింది. ఈ ఉద్యోగం ఇక తన వల్ల కాదని, మేట్రన్‌కి చెప్పేసి ఇంటికి పోతానని అంది.

పెద్ద సిస్టర్ ఆ పిల్ల యూనిఫాం ముందంతా తడిసి ఉండడం చూసింది. చంటిది ఇంట్లో అత్తగారి దగ్గరుంది. ఇక్కడ పాలు చేపుకొచ్చి గడ్డకట్టి, చెయ్యెత్తితే ప్రాణం పోతోంది. వార్డుకి వీళ్ళిద్దరే. మంచాల మీద వాళ్ళు కాక, మంచాల మధ్య నేల మీద కూడా రోగులే. స్టాండు లేక సెలైన్ సీసా పట్టుకుని నిలబడ్డ ఒక ముసలాయన కళ్ళు తిరిగి పడ్డాడు. ఆయన కొడుకు వచ్చి, కూర్చుని జీతాలు తింటున్నారని అందరి ముందూ చిన్న సిస్టర్‌ని కడిగేశాడు. పొద్దుటినుంచి ఆమె కూర్చున్నది లేదు.

"ముందు ఆ పాలు పిండెయ్యి. తలుపు గడియ ఊడిపోయింది, నేను బయట నిలబడతాలే" అంది పెద్ద సిస్టర్.

తొట్టిలోకి పాలు పిండుతూ చిన్న సిస్టర్ ఏడ్చింది. బిడ్డ నోట్లో పడాల్సినవి. బయట ఎవరో దూది కావాలని తలుపు తొయ్యబోయారు. లోపల పిల్లి ఈనిందని, వెళితే రక్కుతుందని పెద్ద సిస్టర్ చెబుతోంది. ఏడుపులోనే నవ్వొచ్చింది ఆమెకు.

బయటికి రాగానే పెద్ద సిస్టర్ దూది మడిచి ఇచ్చి, లోపల పెట్టుకోమంది. తన పెద్ద కూతురు పుట్టినప్పుడు తనూ ఇలాగే నెట్టుకొచ్చానంది. కాసేపు కూర్చోమని, ఆమె చూడాల్సిన మంచాలన్నీ తనే చూసొచ్చింది. ఇంతవరకు ఆ వార్డులో ఎవరూ ఆమెను కూర్చోమనలేదు.

"నువ్వు కూడా పోతే వీళ్ళకెవరే దిక్కు?"

"నా వల్ల కాదక్కా."

"నాకు మాత్రం అయిందా? అలవాటైంది."

"నువ్వు పక్కనుంటే చేస్తానక్కా."

పెద్ద సిస్టర్ కిటికీలోంచి టోపీ తీసి, దులిపి, ఆమె తలకు పెట్టింది. "ముందు నువ్వు ఉంటానని చెప్పు" అంది.

"ఉంటాను."

పెద్ద సిస్టర్ కళ్ళు తుడుచుకుంది. తన మీద ఇంత ప్రేమా అనుకుంటూ చిన్న సిస్టర్ వార్డులోకి వెళ్ళిపోయింది.

పెద్ద సిస్టర్ తిన్నగా మేట్రన్ గదికి వెళ్ళి, తలుపు దగ్గరే నిలబడి చెప్పింది.

"ఆ పిల్ల ఉంటానంది మేడమ్, ఇక నన్ను ఈ ఉద్యోగం నుంచి వదిలేయండి."