హస్తవాసి

సర్పి పొక్కులు మానినా నడుము చుట్టూ మంట పోలేదు. చొక్కా తగిలితే నిప్పు తగిలినట్టే ఉంటోంది. కొత్త డాక్టరు రాసిన మాత్రల కోసం మందుల షాపుకి వెళ్లి, అక్కడి యంత్రం మీద వేలు పెట్టాను.

"ఒకే రకం మందుకు మీకిది మూడో డాక్టరు. మత్తు మాత్రలు పోగుచేసేవారిగా నమోదయ్యారు. మూడు నెలలపాటు ఏ షాపులోనూ ఇవ్వరు," అంది యంత్రం, అందరికీ వినబడేలా. వెనకున్నాయన కాస్త దూరం జరిగాడు.

"ముందు ఇద్దరి మందూ పనిచెయ్యలేదు, అందుకే మారాను."

"మూడో డాక్టరును ఎంచుకున్న కారణం?"

"హస్తవాసి," అన్నాను. పోయిన మా ఆవిడ మాట అది. చదువు అందరికీ ఉంటుంది, చెయ్యి మంచిదవ్వాలి అనేది.

యంత్రం మర్యాదగా వెతికింది. "హస్తవాసి గల వైద్యులెవరూ మీ జిల్లాలో నమోదు కాలేదు."

"దానికి చెయ్యుంటే కదా బాబాయిగారూ, తెలియడానికి!" అంది షాపులో పనిచేసే సువార్త. "మత్తుకి మింగేవోళ్లు దీని మీద పెట్టడానికి వేరేవోళ్ల వేళ్లు అద్దెకి తెచ్చుకుంటన్నారు. దొరికేది మీలాంటోళ్లే."

"మరి నేనెలా పడుకోనమ్మా?" అని అరిచాను. ఆమె మీద అరిచినందుకు వెంటనే సిగ్గేసింది.

ఆ మాత్రలుండే అరకి తాళం వేసేదీ తీసేదీ యంత్రమే. సువార్త ఒక జ్వరం బిళ్ల, మంచినీళ్లు ఇచ్చింది. ఆ బిళ్లని యంత్రం పట్టించుకోలేదు. నా నొప్పీ పట్టించుకోలేదు.

తర్వాత ఆమె కౌంటరు దాటి వచ్చి, చొక్కా నా ఒంటికి తగలకుండా వెనక నుంచి అంచు ఎత్తి పట్టుకుని, ఆటో దాకా నడిచింది.