గెడ్డకు అటూ ఇటూ

“రేపు ఇంజనీరుగారు వస్తున్నారు. స్లాబు కింద సెంట్రింగు ఇవాళే ఊడదీయమని చెప్పు ఆ తాగుబోతు మేస్త్రికి,” అన్నాడు ఓవర్సీరు వరహాలు.

చిన్నమ్మి తట్ట దించి స్లాబుకేసి చూసింది. స్లాబును మోస్తున్న ఆ సెంట్రింగు కర్రలు పీకడానికి కిందికి దూరేది ఆమె మొగుడు సుక్రే.

హుకుంపేట దారిలో గెడ్డ మీద కడుతున్న వంతెన అది. ఓవర్సీరు టెంటు ఈ గట్టున, పైడయ్య మేస్త్రి పాక ఆ గట్టున. ఏదో మాటకు మాట పెరిగి ఇద్దరికీ మాటల్లేవు. ఇంత వంతెన కడుతున్న పెద్దమనుషులు ఒక్క మాట కలపలేకపోయారు, చూడండి. తట్టలు మోసే చిన్నమ్మే వాళ్ల మాటలూ మోస్తోంది.

ఆమె గెడ్డ దాటి చెప్పింది. పైడయ్య కయ్యిమన్నాడు.

“ముసురు పట్టి సిమెంటింకా పచ్చిగున్నాది, కర్రలు పీకితే కూలిపోద్ది. వారం ఆగాలని సెప్పు ఆ బుర్ర తక్కువోడికి. కాదంతే ఆణ్నే కిందకి దూరమను.”

చిన్నమ్మి ఇవతలకొచ్చి తిట్లు మింగేసింది. “మేస్త్రిబాబు దండాలెట్టినారు బాబూ. సిమెంటు పచ్చిగున్నాదంట. వారం ఓపిక పట్టమని బతిమాలతన్నారు.”

“కుదరదు. ఇవాళ తీయకపోతే రేపట్నించి మీకెవరికీ పని లేదని చెప్పు.”

ఆమె మళ్లీ గెడ్డ దాటింది. పాక పక్కన సుక్రు సుత్తి ఒళ్లో పెట్టుకుని చుట్ట కాలుస్తున్నాడు. అతన్ని చూడగానే అబద్ధం దానంతటదే వచ్చేసింది.

“మీ మాటే సరైందన్నారు బాబూ. వారం ఆగుదామన్నారు. ఇంజనీరుగారు తిడితే తనే పడతానన్నారు.”

“ఆయనే అన్నాడేటి?”

“అన్నారు బాబూ.”

పైడయ్య మొహం మెత్తబడింది. ఆమె ఆపేలోగానే గెడ్డలోకి దిగిపోయాడు. చిన్నమ్మి వెనకాలే పరుగెత్తింది.

“నా మాట కోసం తమరు తిట్లు తింతారా బాబూ? నేను తిననిత్తానేటి?” అంటూ వెళ్లి ఓవర్సీరు చేతులు పట్టుకున్నాడు.

వరహాలుకు సగమే అర్థమైంది. అయినా మనసు కరిగిపోయింది. “ముందు దండాలు పంపింది నువ్వే కదయ్యా. తప్పు నాదే. ఇవాళ ఆ కర్రలు తీయించి రేపు నా పరువు నిలబెట్టు పైడయ్యా.”

“బాబూ, పచ్చిగున్నాది,” అంది చిన్నమ్మి.

“నువ్వింక మా మధ్యకు రాకు చిన్నమ్మీ. మేం మాట్లాడుకుంటున్నాం కదా,” అని నవ్వాడు ఓవర్సీరు.

పైడయ్య కళ్లు తుడుచుకుని అవతలి గట్టుకేసి కేకేశాడు.

“ఒరే సుక్రూ, సుత్తట్టుకుని బేగి కిందకి దూరు.”