చిన్న ఇంజను కోసం ప్రార్థన

"మరి వచ్చే బుధవారం కూటం ఎవరింట్ల పెట్టుకుందాం?" బైబిలు మూస్తూ అడిగారు నెహెమ్యా పాస్టరుగారు.

రెజీనా ఇంట్లో చాపల మీద కూర్చున్నవాళ్లంతా కృపమణి వైపు తిరిగారు. కంటోన్మెంటులో ప్రార్థన కూటం వంతుల ప్రకారం ఇంటింటా జరుగుతుంది. కృపమణి వంతు మాత్రం ఏళ్ల తరబడి వాయిదా పడుతూనే ఉంది.

"నాకు మాత్రం ఆశ లేదా అయ్యగారూ?" కృపమణి కొంగుతో కళ్లొత్తుకుంది. "హాలు నిండా ఈయన బొమ్మ రైలే ఉండాది. మోకాళ్లూనను జాగా యాడిది? చిన్న కొలతలో ఆవిరి ఇంజనొస్తే అన్నీ ఒక చెక్క పలక మీదికి మార్చి, హాలు ఖాళీ చేస్తానంటాడు. అది తొందరగా రావల్లని మీరే ప్రార్థన చేయండి."

పాస్టరుగారు కాదనలేదు. ఒకరి మోకాళ్ల నొప్పికీ ఇంకొకరి ఉద్యోగానికీ నడుమ, ఆ ఆవిరి ఇంజనును కూడా త్వరపరచమని దేవుణ్ణి వేడుకున్నారు. నలభై మంది ఆమెన్ అన్నారు. వెనక వరసలో ఉన్న ఆమె భర్త జ్ఞానశేఖర్ కళ్లు తెరిచే ధైర్యం చేయలేదు.

పళ్ల డాక్టర్లకు కట్టుడుపళ్లు చేసివ్వడం జ్ఞానశేఖర్ పని. పళ్ల అచ్చులు తీసే ప్లాస్టరుతోనే హాలులో సండూరు కొండలు లేపాడు. దోణిమలై గనిలో పనిచేసే స్నేహితుడు హులిగప్ప తెచ్చిచ్చిన ఎర్రమట్టిని వాటికి పూశాడు. కొండల చుట్టూ పట్టాలు, పట్టాల మీద మూరెడు పొడవు బొమ్మ ఇంజను. సోఫా ఏనాడో వరండాకు చేరింది. చిన్న కొలతలో డీజిలు ఇంజన్లు కావలసినన్ని దొరికినా అతను ముట్టలేదు. తండ్రి మీటరుగేజి బండ్లలో బొగ్గు వేసిన మనిషి కాబట్టి, ఆవిరి ఇంజను లేనిది అతని దృష్టిలో రైలే కాదు. చివరికి ఈ ఏడాది ఒక కంపెనీ చిన్న కొలతలో ఆవిరి ఇంజను చేస్తానంది. స్నేహితులిద్దరూ పేర్లిచ్చి, అప్పటి నుంచి వాకిలి వైపు చూపులు నిలిపారు.

కూటం ముగిసి బయల్దేరేటప్పుడు, రెజీనా వంటింట్లో గిన్నెల గుట్ట ముందు నడుం పట్టుకుని నిలబడి ఉంది. నలభై మందికి ఉప్పిట్టు, టీ చేసిన చేతులు ఆమెవి.

"నీది భాగ్యం రెజీనక్కా. దేవుని బిడ్డలకు వడ్డించే భాగ్యం నాకెప్పుడొస్తాదో," అంది కృపమణి.

రెజీనా ఇంకో గిన్నె అందుకుంది. జ్ఞానశేఖర్‌కు మాత్రం ప్రాణం చివుక్కుమంది. తన పిచ్చి కోసం ఈ మనిషిని ఎంత బాధపెడుతున్నానా అనుకున్నాడు. ఇంటికొచ్చాక, ఈ పూట అన్నం తానే వండుతానని వంటింట్లోకి నడిచాడు. బియ్యం డ్రమ్ము మూత మీద చేయి వేశాడో లేదో, కృపమణి వచ్చి ఆ చేయి తీసేసింది.

"ప్లాస్టరు చేతులతో బియ్యం ముట్టద్దని ఎన్నిసార్లు చెప్పేది? పోయి నీ బండి తోలుకో పో."

ఎంత మంచి మనసో అనుకుంటూ అతను పోయి బండి తోలుకున్నాడు.

ఆదివారం హులిగప్ప వచ్చాడు. భుజం మీద కృపమణి చెప్పి తెప్పించుకుంటున్న ఎమ్మిగనూరు బియ్యం మూట, చొక్కా జేబులో ఒక చిన్న పెట్టె. మూట దించి పెట్టె తెరిచాడు.

"నాది వచ్చేసిందప్పా."

అరచేతిలో ఒదిగిపోయింది ఇంజను. వేలితో తోస్తే చక్రాలతోపాటు వాటి కడ్డీలూ ముందుకీ వెనక్కీ ఆడాయి. జ్ఞానశేఖర్‌కు సంతోషమూ అసూయా ఒకేసారి కలిగాయి. అసూయే కాస్త ఎక్కువ.

"ఇంత చిన్నదా?" కృపమణి బుగ్గన వేలేసుకుంది. "దీనికేనా మనం ఇన్నాళ్లు ఎదురుచూస్తాండేది?"

"నీదింకా రాలేదా?" హులిగప్ప అడిగాడు.

"ఫోను చేస్తే ఎప్పుడో పంపినామంటాండారు."

"అందరికీ అదే చెప్తారు," అంది కృపమణి. "మన టైలరు గూడా గుండీలొక్కటే బాకీ అంటాడు. చూస్తే బట్ట కత్తిరించి గూడా ఉండడు."

జ్ఞానశేఖర్ తిరుగుతున్న పెద్ద బండిని ఆపేశాడు. ప్లాస్టరు కొండల వైపు చూశాడు.

"హులిగప్పా, ఈ పెద్ద బండ్లూ పట్టాలూ అన్నీ నువ్వే తీసుకుపో. చిన్నది వచ్చినప్పుడు వస్తాది. నా ఆశ కోసం ఈమెను ఇంకా ఎన్నాళ్లు ఏడిపించేది? బుధవారం కూటం మా ఇంట్లనే."

కృపమణి చేతిలోని టీ గ్లాసులు గబుక్కున కింద పెట్టింది.

"ఈ బుధవారమా?"

"ఈ బుధవారమే. మధ్యాహ్నానికి అన్నీ విప్పేస్తాం. పాస్టరుగారికి ఇప్పుడే ఫోను చేస్తా."

"సాలు, గమ్మునుండు." ఫోను అతని చేతిలోంచి లాక్కుంది కృపమణి. "ఆ బండి మీ నాయన గుర్తు. చిన్నది చేతికి రాకముందే పెద్దది ఇచ్చేస్తే నీకు ముద్ద దిగుతాదా? నా సంగతి ఇడిసిపెట్టు. రెజీనక్కకు ఎట్లాగూ అలవాటే. ఇన్నేండ్లు ఓర్చుకున్నదాన్ని, ఇంకొన్నాళ్లు ఓర్చుకోలేనా?"

జ్ఞానశేఖర్ కళ్లు చెమ్మగిల్లాయి. ఎంత ఆపుకుందామన్నా ఆగలేదు.

"ఇట్లాంటి మనిషి యాడా దొరకదప్పా," అన్నాడు హులిగప్ప మెల్లగా.

"దొరకదు," అని ఒప్పుకున్నాడు జ్ఞానశేఖర్.

పెద్ద బండి మళ్లీ కొండల చుట్టూ బయల్దేరింది. మొహమాటానికి హులిగప్ప లేచి బియ్యం మూట ఎత్తబోయాడు. "డ్రమ్ములో పోసిపెడతానక్కా."

"వద్దులేప్పా. మీరు బండి చూసుకోండి, నేను పోసుకుంటా," అంటూ కృపమణి తానే మూటను వంటింట్లోకి ఈడ్చుకుపోయి, తలుపు దగ్గరగా వేసింది.

డ్రమ్ములో పైకి తేలిన ఇంజను పార్సిలు మళ్లీ మునిగేదాకా బియ్యం పోసింది.