పద్నాలుగో పాదం

పొద్దున్నుంచీ మబ్బు కదల్లేదు. పాతకాలపు వేషాల సంతలో బడిపిల్లలు రాసిన సానెట్ల, అంటే పద్నాలుగు పాదాల పద్యాల పోటీ. గొంతు పెద్దదని నాకు చాటింపు వేసేవాడి వేషమిచ్చి, పేర్లు కప్పేసిన ఆ కాగితాలు ఏటా నా చేతే చదివిస్తారు.

ఆరో కాగితంలో మా వంటిల్లు కనబడింది. మూడు ప్లేట్లు తీసి, ఒకటి మళ్ళీ అలమారలో పెట్టేసే నేనూ ఉన్నాను. చివరి పాదంలో నా భార్య పేరుంది, వెల్డా. ఆమె చనిపోయాక ఈ మూడేళ్ళలో ఆ పేరు నేను పలకలేదు.

పదమూడు పాదాలు చదివి ఆగిపోయాను.

"ఏవయ్యా చాటింపాయనా, నాలుక ఇంట్లో మరిచొచ్చావా?" రాణి వేషంలోని టీచరమ్మ నవ్వింది. "పద్నాలుగూ చదవకపోతే పోటీలోంచి తీసెయ్యాలి మరి."

నోరు తెరిచాను. మళ్ళీ మూసి, కాగితం ఆమెకిచ్చేశాను. ఆమె కాగితం పక్కన పెట్టేసింది.

గుడారం వెనక నా కూతురు మార్నీ నిలబడి ఉంది.

"చదివేది నేనేనని తెలీదా తల్లీ?"

"తెలుసు నాన్నా. అందుకే రాశాను."

కాల్చిన టర్కీ కోడి కాలొకటి కొని, ఇద్దరం పంచుకుని తిన్నాం.