గేటు దగ్గర పసుపు కుర్చీ

"ఆ ముసలాయన్ని పంపిస్తావా, మమ్మల్నే వెళ్లిపొమ్మంటావా?"

పొద్దున్నే కాఫీ కూడా తాగనివ్వకుండా, క్యాంపులో దిగిన ట్రూడీ వచ్చి వెల్డా మీద పడింది.

అయోవాలోని హాల్డెన్ ఊరి చివర, నదికీ రైలు పట్టాలకీ మధ్య ఇరుక్కున్న క్యాంపు మైదానం అది. ఊళ్లోకి దారి రైల్వే గేటు మీదుగా ఒక్కటే.

ఇల్లులా ఉండే మోటార్‌హోమ్ బండ్లలో వచ్చిపోయేవాళ్ల మంచిచెడ్డలు చూసుకునేది వెల్డా. అందుకు బదులుగా ఆమె బండిని కూడా అక్కడే ఉంచుకోనిచ్చారు. ఆమెకీ మొగుడు నార్బర్ట్‌కీ ఇల్లయినా వాకిలైనా ఆ బండే. వచ్చినవాళ్లకి కోపమొస్తే ఆ నీడ కూడా పోతుంది.

"ఆర్లిస్ గారా? ఆయనేం చేశాడమ్మా?"

"ఏం చెయ్యలేదో అడుగు! గేటు పక్కన ఆ పసుపు కుర్చీ వేసుక్కూర్చుంటాడు. రైలొస్తే చాలు, లేచి చెయ్యూపుతాడు. రైలువాళ్లు ఊరుకుంటారా? గేటుకి కొట్టే కూత చాలక ఈయనకోసం ఇంకో రెండు! మా పిల్లది కంటినిండా నిద్రపోయి ఎన్నాళ్లయిందో!"

అబద్ధమేం కాదు. ఆర్లిస్ మంచు కరగ్గానే తన తుప్పుపట్టిన బండితో అందరికంటే ముందొచ్చేవాడు. ఆఖరి బండి వెళ్లాకే వెళ్లేవాడు. తిండి కూడా ఆ కుర్చీలోనే. రైలు పిచ్చోళ్లు హాల్డెన్‌కి కొత్తేమీ కాదు గానీ, వాళ్ల చేతిలో కెమెరాలుంటాయి. ఈయన చేతిలో ఏమీ ఉండదు.

వెల్డా గేటు దగ్గరికి వెళ్లింది.

"ఆర్లిస్ గారూ, కుర్చీ తీసెయ్యండి."

"తియ్యలేనమ్మా."

"పోనీ చెయ్యైనా ఊపకండి."

"ఊపకపోతే వాళ్లు నన్ను చూడరు."

"చూసి ఏం చేస్తారండీ, మీ సంబరం కాకపోతే!"

ముసలాయన ఏదో చెప్పబోయి ఆగిపోయాడు.

"చెప్పాలంటే మొత్తం చెప్పాలి," అన్నాడు తనలో తను. "ఇంకెంతమ్మా, చలి మొదలైతే అందరూ వెళ్లిపోతారు. అంతవరకూ ఉండనివ్వు. నీకు పుణ్యముంటుంది."

"నా పొట్ట కొట్టకండి. ఇవాళే బండి తీసెయ్యండి."

అనేశాక ఆమె ప్రాణం చివుక్కుమంది. కానీ మాట వెనక్కి తీసుకోలేదు.

వెళ్లేముందు ఆయన కుర్చీ మడిచి తెచ్చి ఆమె బండికి ఆనించాడు.

"రైలొచ్చినప్పుడు ఎవరో ఒకరు ఇందులో కూర్చోండమ్మా. మర్చిపోకండి."

ఆయన బండి గేటు దాటగానే నార్బర్ట్ పడీపడీ నవ్వాడు.

"పోతూ పోతూ నీకూ అంటించిపోయాడే ఆ పిచ్చి!"

వెల్డా కుర్చీని చెత్తడబ్బా వెనక పడేసింది.

మధ్యాహ్నం నార్బర్ట్ బండి నీడలో కూర్చుని మొక్కజొన్న పొత్తులు ఒలుస్తున్నాడు. ఉన్నట్టుండి చేతిలో పొత్తు జారిపోయింది. గుండె పట్టుకుని పక్కకి ఒరిగిపోయాడు.

వెల్డా అంబులెన్సుకి ఫోన్ చేసింది.

"వస్తున్నారు నార్బర్ట్! కళ్లు మూసుకోకు. నా వైపు చూడు!"

ఊళ్లోంచి సైరన్ వినబడింది. దగ్గరికొస్తోంది. ఆమెకి ప్రాణం లేచొచ్చింది.

అంతలో గూడ్సు వచ్చింది. మెల్లగా, ఇంకా మెల్లగా కదిలి, గేటు మీద ఆగిపోయింది.

ఎటు చూసినా బొగ్గు పెట్టెలే. సైరన్ వాటికవతలే మోగుతోంది. ఇవతలికి రావడం లేదు.

ట్రూడీ పరుగెత్తుకెళ్లి పెట్టెల మీద పిడికిళ్లతో బాదింది.

"కదలండ్రా! ఇక్కడ మనిషి పోతున్నాడు!"

"అదుగో, వచ్చేశారు. వినబడట్లేదూ?" అంటూనే ఉంది వెల్డా. నార్బర్ట్ చెయ్యి ఆమె చేతిలో చల్లబడుతోంది.

చివరికి అంబులెన్సు మనిషి ప్రాణానికి తెగించి, రెండు పెట్టెల మధ్యనుంచి దూరి వచ్చాడు. నార్బర్ట్ ఛాతీ మీద నొక్కాడు. నొక్కాడు. తర్వాత నొక్కడం ఆపి, వెల్డా వైపు చూశాడు.

ఎక్కడో దూరాన ఉన్న ఇంజను దగ్గర్నుంచి డ్రైవరు ఆయాసపడుతూ వచ్చేసరికే నార్బర్ట్ మీద దుప్పటి కప్పేశారు.

"ఎందుకాపావయ్యా?" వెల్డా అతని చొక్కా పట్టుకుంది. "ఎండాకాలమంతా ఒక్క రైలూ గేటు మీద ఆగలేదే! ఇవాళే ఎందుకాపావు?"

"ముందు సిగ్నల్ పడలేదమ్మా, ఆపక తప్పలేదు. కుర్చీలో ఆయన కనబడితే గేటుకి ముందే ఆపేసేవాళ్లం. ఆయనుంటే ఇక్కడ మనుషులున్నట్టు. లేకపోతే క్యాంపు మూసేసి అందరూ వెళ్లిపోయినట్టు. ఏటా అంతే. చెట్ల చాటున మీ బండ్లు మాకు కనబడవు, ఇవాళ ఆయనా కనబడలేదు. ఈ ఏడు తొందరగా మూసేశారనుకున్నాను."

"మరి ఆ రెండు కూతలు?" అడిగింది ట్రూడీ.

"మిమ్మల్ని చూశాం, దారి వదుల్తాం అని ఆయనకి చెప్పడం."

డ్రైవరు గేటు పక్కకి చూశాడు.

"ఆర్లిస్ గారేరీ? ఒంట్లో బాగాలేదా?"

వెల్డా చెయ్యెత్తి చెత్తడబ్బా వైపు చూపించింది.

డ్రైవరు వెళ్లి కుర్చీ తీసి, చొక్కా చేత్తో దుమ్ము తుడిచాడు.

"ఆయన నీకేమవుతాడు బాబూ?" అడిగింది వెల్డా.

"నాకు ఇంజను నడపడం నేర్పిన గురువు." అతను కుర్చీ గేటు పక్కన వేసి, అందులో కూర్చోలేక, దాన్ని పట్టుకుని నిలబడిపోయాడు. "నాకంటే ముందు, ఇదే గేటు మీద రైలాపి, ఇవతల ఓ పసిబిడ్డ తల్లి చావుకి కారణమైన డ్రైవరు ఆయనేనమ్మా."